ఒక్కపొద్దు ఉంటే కరిగేది కొవ్వా, కండా?

రోజుకు ఒక్కపూటే తింటే ఒంట్లో కరిగేది కొవ్వా, కండా అని ఓ పాఠకురాలు అడిగారు. ఈ చిన్న ప్రశ్న వెనక ఇరవయ్యో శతాబ్దపు జీవరసాయన శాస్త్రంలోని అతి అందమైన కథ ఒకటుంది. ప్రస్తుతం ఈ ప్రశ్నకు రెండు జవాబులు చెలామణీలో ఉన్నాయి. తినకుండా 16 గంటలు గడవగానే ఒళ్ళు కొవ్వును మాత్రమే కాల్చడం మొదలుపెడుతుందని ఒక వర్గం చెబుతుంది. ఒక పూట మానేస్తే చాలు, కండ అరిగిపోయి ఒంట్లో శక్తి ఖర్చు మందగిస్తుందని ఇంకో వర్గం భయపెడుతుంది. రెండూ తప్పే. అయితే రెండు వర్గాలూ ఒకే నిజంలోంచి తలా ఒక ముక్క తుంచుకున్నాయి కాబట్టి, ఆ నిజమేమిటో మొదటినుంచీ చూడాలి.

ముందు నిల్వల లెక్క. అన్నం నుంచి వచ్చిన గ్లూకోజులో అప్పటికి అవసరం లేనిదాన్ని శరీరం గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. కాలేయంలో దాదాపు 100 గ్రాములు, కండరాల్లో మరో 400 గ్రాములు. కండరాల్లోది గ్లూకోజుగా మారి రక్తంలోకి రాదు, ఆ చివరి మెట్టు దాటించే ఎంజైము కండకు లేదు. కాబట్టి ఒళ్ళంతటికీ పనికొచ్చే నిల్వ కాలేయంలోని ఆ 100 గ్రాములే, అంటే 400 క్యాలరీలు. కొవ్వు మాత్రం 70 కిలోల మామూలు మనిషిలోనే 12 నుంచి 15 కిలోలు ఉంటుంది, లక్ష క్యాలరీల పైమాటే. చిక్కల్లా మెదడుతోనే. కిలోన్నర కూడా తూగని ఈ అవయవం విశ్రాంతిలో మనం ఖర్చు చేసే శక్తిలో ఐదో వంతు తీసుకుంటుంది, రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు వాడుతుంది. కొవ్వు ఆమ్లాలను ఇంధనంగా వాడుకోవడం దాని వల్ల దాదాపుగా కాదు. పోనీ వాటిని గ్లూకోజుగా మార్చి ఇద్దామంటే మన శరీరంలో ఆ దారి లేదు. కొవ్వు అణువులోని గ్లిజరాల్ అనే చిన్న భాగం మాత్రమే గ్లూకోజు కాగలదు.

మరి ఉపవాసంలో మెదడుకు గ్లూకోజు ఎక్కడిది? ముఖ్యంగా మాంసకృత్తుల నుంచి, అంటే కండ నుంచి. మొదటి రెండు మూడు రోజుల్లో రోజుకు 75 గ్రాముల దాకా ప్రోటీన్ ఇలా కరుగుతుంది. కండలో ఎక్కువ భాగం నీరే కాబట్టి అది 300 గ్రాముల కండతో సమానం. మెదడు అవసరమంతా ఇలాగే తీరాలంటే మూడు నాలుగు వారాల్లో ఊపిరి పీల్చే కండరాలు కూడా చేతులెత్తేయాలి. కానీ పొట్టి శ్రీరాములు గారు 1952లో ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో 58 రోజులు నిరాహార దీక్ష చేసి ప్రాణాలిచ్చారు. 1981లో ఉత్తర ఐర్లండ్ జైల్లో నిరాహార దీక్షలో మరణించిన పదిమంది 46 నుంచి 73 రోజుల వరకు బతికారు. కండ లెక్క ప్రకారం ఇది జరగకూడదు. పాఠ్యపుస్తకాలు మాత్రం మెదడుకు గ్లూకోజు తప్ప వేరే ఇంధనం లేదనే చాలాకాలం చెబుతూ వచ్చాయి.

లెక్క ఎక్కడో తప్పిందనే ఆధారం అప్పటికే కాగితాల మీద ఉంది. 1912లో బోస్టన్‌లోని కార్నెగీ పోషకాహార ప్రయోగశాలలో ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ మాల్టా దేశస్థుడొకరిని 31 రోజులు నీళ్ళ మీదే ఉంచి రోజూ కొలతలు తీశాడు. కరిగిన ప్రోటీన్ నత్రజని రూపంలో మూత్రంలో పోతుంది. ఆ నత్రజని మొదటి రోజుల్లో పెరిగి, వారాలు గడిచే కొద్దీ తగ్గింది. ఆకలి ముదిరే కొద్దీ శరీరం కండను పొదుపు చేస్తోందన్నమాట. అదెలా సాధ్యమో తేలడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. 1967లో అదే బోస్టన్‌లో ఆలివర్ ఓవెన్, జార్జ్ కేహిల్, వారి సహచరులు ఐదారు వారాలుగా వైద్య పర్యవేక్షణలో ఉపవాసం ఉన్న ముగ్గురు స్థూలకాయులను పరీక్షించారు. మెదడులోకి వెళ్ళే రక్తాన్నీ, మెదడు నుంచి మెడ సిరలోకి దిగే రక్తాన్నీ విడివిడిగా తీసి, మధ్యలో ఏది ఎంత తగ్గిందో కొలిచారు. మెదడు గ్లూకోజు వాడకం బాగా పడిపోయింది. దాని స్థానంలో బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్, అసిటోఅసిటేట్ అనే కీటోన్లు ముఖ్య ఇంధనమయ్యాయి. కొవ్వు నుంచి పుట్టి మెదడుకు చేరే ఇంధనం దొరికింది! ఆ దశకు ప్రోటీన్ నష్టం రోజుకు 20 గ్రాముల దగ్గరికి దిగుతుంది.

కీటోన్లు కొత్తవేమీ కావు. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ వైద్యులకు అవి బాగా తెలుసు, అయితే నేరస్థులుగా. మధుమేహం ముదిరి స్పృహ తప్పిన రోగుల మూత్రంలో అవి కుప్పలుగా కనిపించేవి. దొంగతనం జరిగిన ఇంట్లో కనబడిన పనివాణ్ణే దొంగ అన్నట్టు, వాటిని విషం కింద, పాడైన జీవక్రియ వదిలిన మలినం కింద కట్టేశారు. వాళ్ళ పొరపాటుకు కారణం ఉంది. ఇన్సులిన్ బొత్తిగా లేనప్పుడు కీటోన్లు అడ్డూ ఆపూ లేకుండా పెరిగి రక్తాన్ని ఆమ్లమయం చేస్తాయి, ప్రాణం తీస్తాయి. ఉపవాసంలో మాత్రం కొద్దిపాటి ఇన్సులిన్ స్రవిస్తూనే ఉండి వాటిని హద్దులో ఉంచుతుంది. రాత్రి తిని పొద్దున్న లేచేసరికి లీటరు రక్తంలో 0.1 మిల్లీమోల్ దగ్గర ఉండే కీటోన్లు, వారాల ఉపవాసంలో 5 నుంచి 7 వరకు పెరిగి అక్కడ ఆగుతాయి. మధుమేహపు ప్రమాద స్థితిలో 20 కూడా దాటవచ్చు.

వాటి తయారీని నడిపే మీట ఎక్కడుందో 1970లలో అమెరికాలోని డల్లాస్‌లో డెనిస్ మెక్‌గారీ, డేనియల్ ఫోస్టర్ కనిపెట్టారు. కాలేయ కణంలో కొవ్వు ఆమ్లం కాలాలంటే మైటోకాండ్రియా అనే కొలిమిలోకి వెళ్ళాలి, లోపలికి వెళ్ళే దారిలో సీపీటీ-1 అనే ఎంజైము ఉంటుంది. భోజనం చేశాక ఇన్సులిన్ పెరిగినప్పుడు కాలేయం మిగులు పిండిపదార్థాన్ని కొవ్వుగా మారుస్తుంటుంది. ఆ పనిలో మలోనిల్ కో-ఏ అనే పదార్థం పుడుతుంది. సరిగ్గా అదే వెళ్ళి సీపీటీ-1ను అడ్డుకుంటుంది. కొవ్వును తయారుచేసేటప్పుడు అక్కడే కొవ్వును కాల్చడం దండగ కదా, ఆ దండగ జరగకుండా ఒకే ఒక్క అణువు చూసుకుంటోంది. ఇన్సులిన్ తగ్గితే మలోనిల్ కో-ఏ తగ్గుతుంది, దారి తెరుచుకుంటుంది, ఒంట్లోని కొవ్వు నిల్వల నుంచి వచ్చిన ఆమ్లాలు లోపలికి వెళ్ళి కీటోన్లుగా బయటికొస్తాయి. ఇంకో అద్భుతం కూడా ఉంది. కీటోన్లను తిరిగి శక్తిగా మార్చుకునే ఎంజైము కాలేయానికి లేదు. తయారుచేసినదంతా మెదడుకూ గుండెకూ కండరాలకూ పంపవలసిందే.

ఈ కథలో నన్ను కట్టిపడేసేది కాలపరిమాణం, పాఠకురాలి ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది. మెదడు కీటోన్ల మీదికి మళ్ళడం, కండ పొదుపు కావడం రోజుల తరబడి, వారాల తరబడి జరిగే మార్పు. ఒక్కపొద్దు ఉన్నవారిలో ఇరవై, ఇరవై రెండు గంటలకు కీటోన్లు కొద్దిగా పెరగడం మొదలవుతుంది, ఈలోగా భోజనం వేళ అవుతుంది, ఇన్సులిన్ లేచి దారి మూసేస్తుంది. 16 గంటలవారు గుమ్మం దాకా కూడా రారు. ‘12 గంటలకు కొవ్వు, 16 గంటలకు కీటోసిస్’ అంటూ గంటల పట్టికలు వేసేవారు చేసే తప్పు ఇదే. శరీరంలో స్విచ్చులేవీ టక్కున పడవు. కాలేయంలో గ్లైకోజెన్ నిండుకున్నాకే కొత్త గ్లూకోజు తయారీ మొదలవుతుందని ఒకప్పుడు శాస్త్రవేత్తలే అనుకునేవారు. 1991లో యేల్ విశ్వవిద్యాలయం బృందం కాలేయంలోని గ్లైకోజెన్‌ను నేరుగా కొలిచి చూస్తే, ఉపవాసపు మొదటి 22 గంటల్లోనే గ్లూకోజులో సగానికి పైగా కొత్తగా తయారైనదని తేలింది. అన్ని దారులూ ఒకేసారి తెరిచి ఉంటాయి, వాటాలు మెల్లగా మారుతుంటాయి.

అయినా ఒంటిపూట తిని బరువు తగ్గినవారు మన చుట్టూ ఉన్నారు కదా అంటే, తప్పకుండా ఉన్నారు. సాయంత్రం బజ్జీలు, రెండు కప్పుల చక్కెర టీ, రాత్రి సీరియల్ ముందు జంతికలు వాటంతటవే ఆగిపోతే రోజు మొత్తంలో చేరే శక్తి తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. ఇన్సులిన్ తగ్గి ఉండే గంటలకు విడిగా మహత్తు ఉందా అన్నది ప్రయోగాలతో తేలాల్సిన విషయం. 2022లో చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 139 మంది స్థూలకాయులకు ఏడాదిపాటు ఒకే స్థాయిలో క్యాలరీలు తగ్గించారు. సగం మంది ఆ తిండిని ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే ముగించాలి. వీరు సగటున 8 కిలోలు తగ్గారు, వేళల నియమం లేనివారు 6.3 కిలోలు తగ్గారు. ఈ తేడా కాకతాళీయం కాదని చెప్పేంత పెద్దది కాదు. తిన్నాక దాచుకున్న కొవ్వుకూ తినని గంటల్లో కాల్చిన కొవ్వుకూ రోజు చివర లెక్క సరిచూసుకోవాల్సిందే. ఉపవాసంలో కణాలు తమ చెత్తను తామే తినేస్తాయని, దానికి నోబెల్ కూడా వచ్చిందని కొందరంటారు. 2016లో యోషినోరి ఒసుమీకి నోబెల్ తెచ్చింది ప్రధానంగా ఈస్ట్ కణాల మీద చేసిన పని. అది గొప్ప పనే. దాన్నిబట్టి మనిషికి ఫలానా గంటకు శుద్ధి మొదలవుతుందనడానికి ఆధారం లేదు. ఎలుకల్లో కనిపించినదాన్నీ నేరుగా మనకు వర్తింపజేయలేం: ఒక్కరోజు తిండి లేకపోతే ఎలుక తన బరువులో పదో వంతు దాకా కోల్పోతుంది, దాని ఒక రోజు మన ఒక రోజు కాదు.

ఖర్చు మందగిస్తుందనే భయానికి కూడా ఇంత తొందర అక్కర్లేదు. 2000లో వియన్నాలో సన్నటి మనుషులను కొలిచినప్పుడు ఉపవాసపు తొలి రోజుల్లో విశ్రాంతి ఖర్చు కాస్త పెరిగింది కూడా. మందగింపు వచ్చేది బరువు బాగా తగ్గాక, అది ఏ పద్ధతిలో తగ్గినా వస్తుంది. కండ భయం మాత్రం పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. ప్రోటీన్‌కు ఒంట్లో ప్రత్యేకమైన గోదాము లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన సిఫార్సు ప్రకారం పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి, 60 కిలోల మనిషికి 50 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాముల్లో ఉండేది రెండున్నర గ్రాములు, గుడ్డులో ఆరు. గుమ్మడికాయ పులుసుతో, పెరుగుతో ఒక్కపూట కడుపు నిండా తిన్నా ఈ 50 పూర్తికాదు. పప్పు, గుడ్లు, చేప, పనీర్ వంటివి ఆ ఒక్క విస్తరిలోనే ఇమడాలి. కండకు బరువులెత్తే పనీ చెప్పాలి. కాబట్టి కరిగేది కొవ్వా కండా అన్నదాన్ని ఎక్కువగా తేల్చేది విస్తరిలో ఏముంది, కండ ఎంత పని చేసింది అన్నవే.

అచ్చంగా ఒక్కపూట భోజనం మీద జరిగిన ప్రయోగాలు తక్కువ. 2007లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు మామూలు బరువున్న 15 మందికి అవే క్యాలరీలను ఎనిమిది వారాలు మూడు పూటలుగా, ఎనిమిది వారాలు ఒక్క సాయంత్రపు భోజనంగా ఇచ్చి పోల్చారు. ఒక్కపూటలో కొవ్వు కాస్త తగ్గింది, కానీ ఆకలి పెరిగింది, రక్తపోటూ కొలెస్టరాలూ ఎక్కువగా నమోదయ్యాయి. బీపీ ఉన్నవారు కాలేయపు అందాలకన్నా ఈ సంగతి ముందు పట్టించుకోవాలి. షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు మోతాదు మార్చకుండా పూటలు మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ తరహా మాత్రలు వేసుకునేవారికి ఉపవాసంలో చక్కెర పెద్దగా పెరగకుండానే కీటోన్లు అదుపు తప్పే ముప్పుంది, గ్లూకోమీటరు చూసుకుంటే అది తెలియదు. ఒక్కపొద్దు మొదలుపెట్టే ముందు మందుల చీటీ డాక్టరుకు చూపించాలి. వాంతులు, ఆయాసం, విడవని నీరసం కనిపిస్తే ఉపవాసం ఆపి, కీటోన్ పరీక్ష చేయమని అడగాలి.