కారు ఒకటే.. కాలి కింద తేడా!
పెట్రోలు, డీజిల్, హైబ్రిడ్‌లలో బ్రేకు, గేరుల తీరే వేరు

మచిలీపట్నం: విజయవాడ నుంచి బందరు వరకు సుమారు 70 కిలోమీటర్ల నాలుగు వరుసల జాతీయ రహదారిపై ఏ ఖరీదైన కారైనా మెత్తగానే సాగిపోతుంది. అవనిగడ్డ కరకట్ట ఎక్కినప్పుడో, గుడివాడ పరిసరాల కాలువ గట్ల మీదికి మళ్లినప్పుడో అసలు పరీక్ష మొదలవుతుంది. ఒక పక్క నీరు, మరో పక్క పొలం, మధ్యలో రెండు వాహనాలు తప్పుకోవడమే గగనమైన దారి. కోతల కాలంలో సగం రోడ్డును ధాన్యం ఆక్రమిస్తుంది. మలుపు తిరిగేసరికి గేదెల మంద ఎదురుకావచ్చు. చేపలు, రొయ్యల లారీల నుంచి కారిన నీటితో తారు జారుతుంటుంది. ఇటువంటి చోట ఎన్ని సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుందన్న లెక్క అక్కరకు రాదు. ఆగేటప్పుడు చివరి పది అడుగులు, కదిలేటప్పుడు మొదటి పది అడుగులు ఎలా ఉన్నాయన్నదే ముఖ్యం. ఆ ఇరవై అడుగుల తీరులో ఇంజిను పాత్ర చాలామంది అనుకునే దానికంటే ఎక్కువ.

ఆక్వా సాగు లాభాలకు, విదేశాల్లోని పిల్లల సంపాదనకు గుర్తుగా డెల్టా పల్లెల్లో బెంజి, బీఎండబ్ల్యూ, ఆడి సెడాన్లు కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు. కొనేటప్పుడు మాత్రం ధర, మైలేజీల చుట్టూనే చర్చ తిరుగుతుంది. విజయవాడలో విశాలమైన రోడ్డుపై పది నిమిషాలు నడిపి చూసి సంతకం పెట్టేస్తారు.

కదిలేది ఎలా..

2022లో మన దేశంలో విడుదలైన మెర్సిడెస్ సి-క్లాస్‌నే తీసుకుందాం. సి200లో 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిను 204 హార్స్‌పవర్ ఇస్తుంది. సి220డిలో 2 లీటర్ల డీజిల్ ఇంజిను ఇచ్చేది 200 హార్స్‌పవర్. కాగితం మీద రెండూ దాదాపు సమానం. చక్రాన్ని తిప్పే బలం, అంటే టార్క్ మాత్రం పెట్రోలుకు 300 న్యూటన్ మీటర్లయితే, డీజిల్‌కు 440. గేరుబాక్సు రెండింటికీ తొమ్మిది గేర్ల ఆటోమేటికే.

డీజిల్ ఇంజిను తక్కువ వేగంలోనే ఎక్కువ బలం చూపుతుంది. బ్రేకు మీద కాలు సడలించగానే కారు బలంగా ముందుకు పాకడానికి చూస్తుంది. బందరు కోనేరు సెంటరు రద్దీలో నిలిపి ఉంచాలంటే పెడలును కాస్త గట్టిగా నొక్కి పట్టాలి. పెట్రోలు కారు ఇక్కడ సౌమ్యం. అయితే టర్బో పుంజుకునే వరకు ఒక్క క్షణం తటపటాయించి, ఆ తర్వాత ఒక్కసారిగా లాగుతుంది. ఎదురు బండిని చూసుకుంటూ ట్రాక్టరును దాటాలనుకునే వారు ఆ క్షణాన్ని లెక్కలో ఉంచుకోవాలి.

గేరుబాక్సులోనూ రెండు జాతులున్నాయి. బెంజి, బీఎండబ్ల్యూ సెడాన్లలో ఎక్కువగా టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజినుకూ గేర్లకూ మధ్య నూనె ద్వారా బలం అందుతుంది కాబట్టి నడక వేగంలో కుదుపు తెలియదు. ఆడి ఏ4లో వాడినది రెండు క్లచ్చిల పద్ధతి. ఒక గేరు పనిచేస్తుండగానే మరొకటి సిద్ధంగా ఉంటుంది. రహదారిపై గేరు మారినట్టే అనిపించదు. రైల్వే గేటు ఎత్తాక అడుగడుగూ ఆగుతూ కదిలేటప్పుడు మాత్రం కంప్యూటరు క్లచ్చిని పట్టి, వదిలి, మళ్లీ పట్టాల్సి వస్తుంది. ఆ సందిగ్ధం సీటులోకి తెలుస్తుంది. ఇది చెడిపోయిన లక్షణం కాదు, ఆ నిర్మాణ స్వభావం.

ఆగేది ఎలా..

అంబాసిడర్ నడిపిన పాతతరం డ్రైవర్లకు బ్రేకు అంటే తొడ బలంతో చేసే పని. నేటి కార్లలో బూస్టర్ ఆ శ్రమను పంచుకుంటుంది. సంప్రదాయ బూస్టర్‌కు గాలి లేని ఒత్తిడి, అంటే వాక్యూం కావాలి. సాధారణ పెట్రోలు ఇంజిను గాలి పీల్చేటప్పుడే అది పుడుతుంది. డీజిల్‌లో అలా పుట్టదు గనుక ప్రత్యేకంగా పంపు అమర్చుతారు. టర్బో పెట్రోలు కార్లకూ తరచూ పంపు తోడవుతుంది. కొత్త నమూనాలు కొన్నింటిలో ఈ పనిని విద్యుత్ మోటారు చేస్తోంది.

ఇంజిను అకస్మాత్తుగా ఆగిపోతే వాక్యూం బూస్టర్‌లో మిగిలేది రెండు మూడు నొక్కులకు సరిపడా శక్తి మాత్రమే. ఆపైన పెడలు రాయిలా బిగుసుకుంటుంది. కరకట్ట వాలు దిగుతుండగా ఇలా జరిగితే కంగారులో పదేపదే నొక్కి వదలడం పెద్ద పొరపాటు. ఒకే నొక్కుతో గట్టిగా పట్టి ఉంచాలి. పక్కన కాలువ ఉన్నవారు గుర్తుంచుకోవాల్సిన విషయం ఇది.

టయోటా కామ్రీ వంటి హైబ్రిడ్లది మరో దారి. బ్రేకు నొక్కినప్పుడు మొదట విద్యుత్ మోటారే జనరేటరుగా మారి వేగాన్ని తగ్గిస్తూ బ్యాటరీని నింపుతుంది. కారు ఆగబోయే ముందు డిస్కు బ్రేకులు పూర్తి బాధ్యత తీసుకుంటాయి. ఈ చేతులు మారే చోట పెడలు స్పర్శ కొంచెం వేరుగా ఉంటుంది. అలవాటు లేనివారు చివర్లో కాస్త ఎక్కువ నొక్కి, వెనుక కూర్చున్న పెద్దలను ముందుకు తూలేలా చేస్తారు. గేర్ల కుదుపు విషయంలో మాత్రం హైబ్రిడ్‌కు సాటి లేదు. అందులో మెట్లు మెట్లుగా మారే గేర్లే ఉండవు.

దివిసీమ, బందరు తీరవాసులకు ఇక్కడొక చిక్కుంది. మోటారే బ్రేకు పని చేస్తుండటంతో ఇనుప డిస్కులు, ప్యాడ్ల మధ్య రాపిడి తగ్గుతుంది. ఉప్పుగాలికి పట్టిన తుప్పును రోజూ గీకివేసేది ఆ రాపిడే. నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో వారం రోజులు షెడ్డులో ఉంచిన కారు బయటికి తీయగానే బ్రేకులు గరగరలాడటం మామూలే. పైపొర తుప్పయితే నాలుగు బ్రేకులకు పోతుంది. హైబ్రిడ్లలో, విద్యుత్ కార్లలో అది అంత తొందరగా పోకపోవచ్చు. సర్వీసుకు ఇచ్చినప్పుడు నాలుగు చక్రాల డిస్కులను, ముఖ్యంగా వెనుకవాటిని, చూపించి రాయించుకోవాలి.

బ్రేకు ఆయిలు సంగతి సరేసరి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-4 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. తేమ చేరాక ఆ ప్రమాణం 155 డిగ్రీలే. మన చదును నేల మీద ఈ తేడా బయటపడదు. తిరుమల నుంచి కిందికి దిగే ఘాట్ రోడ్డులో, బ్రేకు మీదే కాలు ఉంచి వచ్చేవారికి తెలుస్తుంది. ఆయిలు మరిగి ఆవిరైతే పెడలు మెత్తబడి లోపలికి పోతుంది. కిలోమీటర్లు తిరగకున్నా రెండేళ్లకోసారి మార్పించడం మేలు. ఘాట్‌లో చిన్న గేరులో దిగాలి. హైబ్రిడ్‌లో బ్యాటరీ నిండాక మోటారు బ్రేకు తగ్గిపోతుంది గనుక ‘బి’ స్థానం వాడాలి.

పాత కారు కొనేవారికి..

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై 2015లో హరిత ట్రైబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు విధించాక అక్కడి ఖరీదైన సెడాన్లు తక్కువ ధరకు ఇతర రాష్ట్రాలకు తరలాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చినప్పుడు ఆడి మన దేశంలో డీజిల్‌నే వదిలేసింది. డీజిల్ ఆడి కావాలంటే పాతదే దిక్కు. ఇటువంటి కారు గేరు మారేటప్పుడు తన్నినట్టయితే ఇంజినును నిందించే ముందు గేరుబాక్సు ఆయిలు ఎప్పుడు మార్చారో అడగాలి. జీవితాంతం మార్చనక్కర్లేదన్న మాట అమ్మకందారుల నోట వినిపిస్తుంది. బీఎండబ్ల్యూకు గేరుబాక్సులు సమకూర్చే జెడ్ఎఫ్ సంస్థే 80 వేల నుంచి 1.20 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటోంది.

పరీక్షకు తీసుకెళ్లేటప్పుడు ఇంజిను చల్లగా ఉండగా ఒకసారి, అరగంట తిరిగాక మరోసారి నడక వేగంలో ఆపి, కదిలించి చూడాలి. యాక్సిలరేటరు తొక్కకుండా బ్రేకు మాత్రమే వదిలి కారును ఇరుకు సందులో పాకనివ్వాలి. కొన్నాక నడిపేది డ్రైవరైతే, ఆ పరీక్ష కూడా యజమానికి బదులు అతనితోనే చేయించాలి.