వలస వెళ్లిన చోట బండి, లైసెన్సు చెల్లుతాయా?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నుంచి మన పిల్లలు ఎందరో బతుకుతెరువు కోసం బెంగళూరు, హైదరాబాద్ వెళ్తున్నారు. డెలివరీ పనికో, డ్రైవరుగానో కుదిరినవారికి బండే అన్నం పెడుతుంది. అలాంటి కుటుంబాలకు దాతలే దారి చూపుతారు కనుక, 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని ముఖ్య విషయాలు ఇక్కడ వివరిస్తున్నాం.

లైసెన్సు: ఏ రాష్ట్రంలో తీసుకున్నా దేశమంతటా చెల్లుతుంది. చూసుకోవలసింది గడువే. గడువు తీరే ముందు ఏడాది నుంచీ, తీరిన తర్వాత ఏడాది వరకూ రెన్యువల్‌కు దరఖాస్తు చేయవచ్చు. అదీ దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష తప్పదు. ఈలోగా గడువు తీరిన లైసెన్సుతో బండి నడపరాదు. కొత్తగా తీసుకునేవారు 2019 సవరణ ప్రకారం తాము నివసించే రాష్ట్రంలో గానీ, పని చేసుకునే రాష్ట్రంలో గానీ దరఖాస్తు చేయవచ్చు.

రిజిస్ట్రేషన్: ఇదీ దేశమంతటా చెల్లుతుంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినా, పాత ఏపీ 21 నంబర్లు అలాగే ఉన్నాయి. అయితే బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. ముందుగా ఇక్కడి రవాణా కార్యాలయంలో ఫారం 28తో ఎన్‌ఓసీ పొందాలి. ఫైనాన్సు బాకీ ఉంటే వారి అంగీకారం కావాలి. అక్కడ పన్ను కట్టాక, ఇక్కడ ముందే కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు. ఏడాదిలోపు తిరిగి వచ్చేవారికి ఈ శ్రమ లేదు.

2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ ప్రభుత్వ ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకుమించి రాష్ట్రాల్లో కార్యాలయాలున్న కంపెనీల ఉద్యోగులకే. రోజుకూలీకి అందదు.

గల్ఫ్: ఇక్కడ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ గరిష్ఠంగా ఒక సంవత్సరమే. ఇకామాతో స్థిరంగా ఉండి డ్రైవరుగా పనిచేయాలంటే ఆ దేశపు లైసెన్సే కావాలి. అది చేతికి రాకముందే స్టీరింగు పట్టవద్దని వెళ్లేవారికి చెప్పండి.

కాగితం సరిగా లేనప్పుడు ప్రమాదం జరిగితే, బీమా కంపెనీ బాధితుడికి చెల్లించినా ఆ సొమ్ము బండి యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. పేద ఇంటికి అది కోలుకోలేని దెబ్బ. అందుచేత నిరుపేదకు బండి కొనిచ్చే దాతలు లైసెన్సు, బీమా, పన్ను ఖర్చులు కూడా కలిపి ఇవ్వాలని మనవి. బండి ధరతో పోలిస్తే అది చిన్న మొత్తమే. మీరిచ్చిన ఆసరా నిలబడేది దానివల్లనే.