స్విచ్‌ని బట్టీ పట్టొద్దు.. ఒక్క వాక్యంలో పట్టేయండి!

నెట్‌వర్క్ సపోర్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ‘స్విచ్ అంటే ఏమిటి?’ అని అడిగితే ‘ఓఎస్‌ఐ మోడల్‌లో రెండో లేయర్ పరికరం’ అని దాదాపు అందరూ చెప్పేస్తారు. ‘ఇప్పుడే పెట్టెలోంచి తీసి కరెంటు ఇచ్చిన స్విచ్‌కి ఏ కంప్యూటర్ ఏ పోర్టులో ఉందో ఎలా తెలుస్తుంది?’ అంటే మాత్రం చాలామంది తడబడతారు. ఉద్యోగం వచ్చేదీ పోయేదీ ఈ రెండో ప్రశ్న దగ్గరే. మొదటిదానికి జ్ఞాపకశక్తి చాలు, రెండోదానికి అవగాహన కావాలి. ఆ అవగాహన ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది. మిగతా ప్రశ్నలకు జవాబులు దాన్నుంచే రాబట్టుకోవచ్చు. ఎలాగో చూద్దాం.

శ్రీశైలంలో చీటీల గుమాస్తా

శివరాత్రి బ్రహ్మోత్సవాలప్పుడు శ్రీశైలం ఎలా ఉంటుందో నంద్యాల, కర్నూలు, కడప విద్యార్థులకు వేరే చెప్పక్కర్లేదు. గంగా సదన్, గౌరీ సదన్, రకరకాల సత్రాలు, పాతాళగంగ మెట్లు.. ఎటు చూసినా జనమే. ఫోన్లు పనిచేయడం లేదనుకోండి. భక్తులు ఒకరికొకరు చీటీలు పంపుకొంటున్నారు. ప్రతి చీటీ మీదా రెండే పేర్లు: ఎవరికి, ఎవరి నుంచి. చీటీలన్నీ మధ్యలో కూర్చున్న ఒక గుమాస్తా చేతిమీదుగా వెళ్లాలి.

గుమాస్తా కొత్తవాడు. ఎవరు ఎక్కడ దిగారో అతనికి తెలియదు. అడిగి తెలుసుకునే తీరికా లేదు. అందుకే ఒక ఉపాయం చేశాడు. చీటీ రాగానే ‘ఎవరి నుంచి’ అన్నది చూస్తాడు. గంగా సదన్ వైపు నుంచి వచ్చిన చీటీ మీద రమణ పేరుంటే, ‘రమణ - గంగా సదన్’ అని రిజిస్టర్‌లో రాసుకుంటాడు. తర్వాత ‘ఎవరికి’ అన్నది చూస్తాడు. ఆ పేరు రిజిస్టర్‌లో ఉంటే నేరుగా ఆ వైపే పంపిస్తాడు. లేకపోతే? చీటీ వచ్చిన వైపు తప్ప మిగతా అన్ని వైపులకూ నకళ్లు పంపిస్తాడు. సంబంధం ఉన్నవాళ్లు తీసుకుంటారు, లేనివాళ్లు పక్కన పడేస్తారు. కొంతసేపటి వరకు రమణ నుంచి ఏ చీటీ రాకపోతే ఆ పేరు కొట్టేస్తాడు. దర్శనం చేసుకుని కొండ దిగిపోయి ఉండొచ్చు కదా!

స్విచ్ చేసేది అచ్చం ఇదే. గుమాస్తా బదులు స్విచ్, వైపుల బదులు పోర్టులు, పేర్ల బదులు మ్యాక్ అడ్రస్‌లు, రిజిస్టర్ బదులు మ్యాక్ టేబుల్. ఇక గుర్తుపెట్టుకోవాల్సిన ఆ వాక్యం ఇదీ:

పంపినవారి అడ్రస్ చూసి స్విచ్ నేర్చుకుంటుంది, చేరాల్సినవారి అడ్రస్ చూసి పంపుతుంది.

చీటీలో ఏముంటుంది?

లోకల్ నెట్‌వర్క్‌లో డేటా ‘ఫ్రేమ్’ల రూపంలో ప్రయాణిస్తుంది. ఈథర్నెట్ ఫ్రేమ్‌లో మొదటి 6 బైట్లు చేరాల్సిన పరికరం మ్యాక్ అడ్రస్, తర్వాతి 6 బైట్లు పంపిన పరికరం మ్యాక్ అడ్రస్. ఆ తర్వాత లోపల ఉన్న డేటా ఏ రకమో చెప్పే 2 బైట్లు, 46 నుంచి 1500 బైట్ల వరకు డేటా, చివర్లో దారిలో ఏమైనా పాడైందో లేదో తేల్చే 4 బైట్ల తనిఖీ సంఖ్య. మామూలు ఫ్రేమ్ మొత్తం 64 నుంచి 1518 బైట్ల మధ్య ఉంటుంది.

మ్యాక్ అడ్రస్ పొడవు 48 బిట్లు. 12 హెక్సాడెసిమల్ అంకెలుగా రాస్తారు. మొదటి సగం సాధారణంగా తయారీ కంపెనీని సూచిస్తుంది. సాధారణ లేయర్-2 స్విచ్ ఫ్రేమ్‌ను ఏ పోర్టుకు పంపాలో తేల్చడానికి ఐపీ అడ్రస్ వైపు తొంగి కూడా చూడదు. ‘స్విచ్ ఐపీ అడ్రస్ చూసి పంపుతుంది’ అన్నారంటే ఇంటర్వ్యూలో మార్కులు పోయినట్టే.

రూమ్ రసీదు ప్రింటయ్యే లోపు..

ఇప్పుడు అసలు యంత్రం దగ్గరికి వద్దాం. ఒక సత్రం ఆఫీసులో 8 పోర్టుల స్విచ్ ఉందనుకోండి. 1వ పోర్టుకు రిసెప్షన్ కంప్యూటర్, 2కు ప్రింటర్, 3కు అకౌంట్స్ కంప్యూటర్, 4కు సీసీ కెమెరాల రికార్డర్, 8కి రౌటర్. కరెంటు పోయి వచ్చింది. మ్యాక్ టేబుల్ ఖాళీ. మిగతా పరికరాలు ఇంకా ఏమీ పంపలేదనుకుందాం. రిసెప్షన్‌లో ఒకరు రూమ్ రసీదుకు ప్రింట్ కొట్టారు.

మొదటి అడుగు: రిసెప్షన్ కంప్యూటర్‌కు ప్రింటర్ ఐపీ తెలుసు, మ్యాక్ తెలియదు. అందుకే ‘ఈ ఐపీ ఎవరిది? మీ మ్యాక్ చెప్పండి’ అని అందరికీ వినిపించేలా ఒక కేక వేస్తుంది. ఇదే ఏఆర్‌పీ రిక్వెస్ట్. ఇది బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్. స్విచ్ ముందు పంపినవారిని చూసి ‘రిసెప్షన్ - 1వ పోర్టు’ అని రాసుకుంటుంది. ఆ తర్వాత ఫ్రేమ్‌ను 1 తప్ప మిగతా అన్ని పోర్టులకూ పంపుతుంది.

రెండో అడుగు: అకౌంట్స్ కంప్యూటర్, రికార్డర్, రౌటర్ ‘మనది కాదు’ అని ఊరుకుంటాయి. ప్రింటర్ ఒక్కటే జవాబిస్తుంది. ఆ జవాబు 2వ పోర్టులోకి రాగానే ‘ప్రింటర్ - 2వ పోర్టు’ అన్నది టేబుల్‌కు ఎక్కుతుంది. చేరాల్సింది రిసెప్షన్‌కు. అది 1లో ఉందని ఇప్పటికే తెలుసు కాబట్టి జవాబు అక్కడికే వెళ్తుంది.

మూడో అడుగు: రసీదు డేటా 1 నుంచి నేరుగా 2కు వెళ్తుంది. అకౌంట్స్ కంప్యూటర్‌కు ఆ డేటా కనిపించను కూడా కనిపించదు.

చూశారా! ఎవరూ ఏమీ సెట్ చేయలేదు. ఒక కేక, ఒక జవాబు.. స్విచ్‌కు ఇద్దరి చిరునామాలూ తెలిసిపోయాయి. ఇంటర్వ్యూలో ఈ మూడు అడుగులను కాగితం మీద బొమ్మ గీసి చెప్పండి. ఇచ్చే నిర్వచనం కంటే ఆ బొమ్మకే విలువ ఎక్కువ.

కొండ దాటితే రౌటర్

అదే రిసెప్షన్ కంప్యూటర్ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న వెబ్‌సైట్ తెరిస్తే? తన ఐపీని, సబ్‌నెట్ మాస్క్‌ను బట్టి అవతలి అడ్రస్ లోకల్ నెట్‌వర్క్‌లో లేదని కంప్యూటరే తేల్చుకుంటుంది. అప్పుడు ఫ్రేమ్ మీద చేరాల్సిన మ్యాక్‌గా వెబ్‌సైట్‌ది కాకుండా రౌటర్‌ది రాస్తుంది. దీన్నే డిఫాల్ట్ గేట్‌వే అంటాం. కొండ మీద ఒకచోటి నుంచి ఇంకోచోటికి స్విచ్ చూసుకుంటుంది. ఘాట్ దిగి దోర్నాల వైపు వెళ్లాలంటే మాత్రం గేటు దాటాలి. ఆ గేటే రౌటర్.

ఇక్కడో చిన్న తేడా గమనించండి. స్విచ్ ఫ్రేమ్ మీది మ్యాక్ అడ్రస్‌లను మార్చదు. రౌటర్ పాత ఫ్రేమ్‌ను విప్పి, కొత్త మ్యాక్ అడ్రస్‌లతో కొత్త ఫ్రేమ్ కడుతుంది.

‘కల్పన’ తెచ్చిన మార్పు

1973లో అమెరికాలోని జెరాక్స్ పరిశోధన కేంద్రంలో పుట్టిన ఈథర్నెట్‌లో అందరిదీ ఒకటే కేబుల్. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు ఆగాలి. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే డేటా ఢీకొంటుంది. తర్వాత వచ్చిన హబ్ కూడా అంతే. ఒక పోర్టులో వచ్చిన సిగ్నల్‌ను కళ్లు మూసుకుని అన్ని పోర్టులకూ వాయించేస్తుంది. 1980లలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ బ్రిడ్జ్‌లను తెచ్చింది. అడ్రస్ చూసి నేర్చుకునే పద్ధతి వాటితోనే వచ్చింది. 1990లో ‘కల్పన’ అనే కంపెనీ 7 పోర్టుల ఈథర్‌స్విచ్‌ను విడుదల చేసింది. దాని వ్యవస్థాపకుల్లో వినోద్ భరద్వాజ్ భారత సంతతి వ్యక్తి. 1994లో ఆ కంపెనీని సిస్కో కొనేసింది. ఇవాళ మీ కాలేజీ ల్యాబ్‌లో ఉన్న స్విచ్ మూలసూత్రం కూడా అప్పటిదే. వేగం, పోర్టుల సంఖ్య పెరిగాయి, అంతే.

ఒక్క కేబుల్‌తో ఆఫీసంతా బంద్

ఉద్యోగంలో చేరాక మీకు తప్పకుండా ఎదురయ్యే సమస్య ఇది. ఊడ్చేటప్పుడో, బల్ల జరిపేటప్పుడో ఎవరో కింద వేలాడుతున్న కేబుల్ చూసి ‘ఇది ఊడిపోయినట్టుంది’ అని ఖాళీ పోర్టులో గుచ్చేస్తారు. దాని రెండో కొస అదే స్విచ్‌లో ఉంది. ఇదే లూప్.

ఏమవుతుందో మన వాక్యంతోనే చెప్పొచ్చు. బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ అన్ని పోర్టులకూ వెళ్లాలి. అంటే కేబుల్ ఒక కొసలోంచి వెళ్లి రెండో కొసలోంచి అదే స్విచ్‌లోకి తిరిగొస్తుంది. మళ్లీ అన్ని పోర్టులకూ వెళ్తుంది, మళ్లీ తిరిగొస్తుంది. ఐపీ ప్యాకెట్‌కు ఉన్నట్టు ఈథర్నెట్ ఫ్రేమ్‌కు ఆయుష్షు లెక్క లేదు. కాబట్టి ఆ తిరుగుడు ఆగదు. పైగా ఒకే పరికరం అడ్రస్ ఒకసారి ఒక పోర్టు నుంచి, మరుక్షణం ఇంకో పోర్టు నుంచి వస్తున్నట్టు కనిపిస్తుంది. టేబుల్ క్షణక్షణం మారిపోతుంది. లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చిపట్టినట్టు మిణుకుమంటాయి. ప్రింటర్ పలకదు, బిల్లింగ్ ఆగిపోతుంది, కౌంటర్ ముందు క్యూ పెరుగుతుంది.

దీనికి మందు స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్. 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే ఇంజినీర్ దీన్ని రూపొందించారు. స్విచ్‌లు తమలో తాము సందేశాలు పంపుకొని, లూప్ ఏర్పడే దారిని మూసి ఉంచుతాయి. ఉన్న దారి తెగితే మూసినదాన్ని తెరుస్తాయి. అయితే చవకైన చిన్న స్విచ్‌లు చాలావాటిలో ఈ సదుపాయం ఉండదు. అలాంటిచోట కేబుళ్లు ఒక్కొక్కటే తీసి చూస్తూ దోషిని పట్టుకోవాలి. ఏది తీస్తే లైట్లు నెమ్మదిస్తాయో అదే దోషి.

వీలాన్, 100 మీటర్ల లెక్క

అందరికీ వినిపించే కేకలు పెరిగితే అందరి సమయమూ వృథా. కెమెరాలు, అకౌంట్స్, భక్తుల వైఫై ఒకే గుంపులో ఉండటం భద్రతకూ మంచిది కాదు. అందుకే ఒకే స్విచ్‌ను లోపల వేర్వేరు స్విచ్‌లుగా విడదీస్తారు. ఇదే వీలాన్. ఒక వీలాన్‌లో వేసిన కేక ఇంకో వీలాన్‌కు వినిపించదు. వాడుకోగల వీలాన్ నంబర్లు 1 నుంచి 4094 వరకు. ఒక వీలాన్ నుంచి ఇంకోదానికి డేటా వెళ్లాలంటే మళ్లీ రౌటర్ కావాల్సిందే, లేదా రౌటర్ పని కూడా చేసే లేయర్-3 స్విచ్.

మామూలు రాగి ఈథర్నెట్ కేబుల్‌కు పరిమితి 100 మీటర్లు. సత్రం ఒకచోట, భోజనశాల దూరంగా ఇంకోచోట ఉన్న ప్రాంగణంలో రెండు స్విచ్‌లను ఫైబర్‌తో కలుపుతారు. ఈ లెక్క తెలియక రాగి తీగే లాగేసి, ‘కనెక్షన్ వచ్చిపోతోంది’ అని తలపట్టుకునేవారు ఎందరో!

అడిగే ప్రశ్నలు.. ఇచ్చే జవాబులు

* బ్రాడ్‌కాస్ట్‌కూ, తెలియని అడ్రస్‌ను ఫ్లడ్ చేయడానికీ తేడా ఏమిటి?
రెండింటిలోనూ ఫ్రేమ్ అన్ని పోర్టులకూ వెళ్తుంది. కారణం వేరు. మొదటిదాంట్లో అందరికీ చేరాలని పంపినవారే కోరారు. రెండోదాంట్లో ఒక్కరికే చేరాలి, కానీ ఆ ఒక్కరు ఎక్కడున్నారో స్విచ్‌కు తెలియదు.

* టేబుల్‌లో వివరాలు ఎంతసేపు ఉంటాయి?
చాలా స్విచ్‌లలో 300 సెకన్లు. ఈలోపు ఆ పరికరం నుంచి ఇంకో ఫ్రేమ్ వస్తే లెక్క మళ్లీ మొదలవుతుంది.

* ప్రింటర్‌ను 2వ పోర్టు నుంచి 5కు మారిస్తే?
కేబుల్ తీయగానే చాలా స్విచ్‌లు ఆ పోర్టు వివరాలు తుడిచేస్తాయి. ప్రింటర్ 5 నుంచి ఏదో ఒక ఫ్రేమ్ పంపగానే కొత్త స్థానం నమోదవుతుంది.

* కొలిజన్ డొమైన్లు ఎన్ని, బ్రాడ్‌కాస్ట్ డొమైన్లు ఎన్ని?
స్విచ్‌లో ప్రతి పోర్టూ ఒక కొలిజన్ డొమైన్. ప్రతి వీలాన్ ఒక బ్రాడ్‌కాస్ట్ డొమైన్.

* లెక్కలేనన్ని దొంగ మ్యాక్ అడ్రస్‌లు పంపి టేబుల్ నింపేస్తే?
కొత్త అడ్రస్‌లు రాసుకునే చోటుండదు. స్విచ్ ఫ్లడ్ చేయక తప్పదు, అప్పుడు పక్కవారి డేటా దొంగకు కనిపించొచ్చు. పోర్ట్ సెక్యూరిటీ పెట్టి, ఒక పోర్టులో ఇన్ని మ్యాక్‌లే ఉండాలని పరిమితి విధిస్తే దీన్ని అడ్డుకోవచ్చు.

ల్యాబ్ లేకపోయినా సాధన

కాలేజీలో ఖరీదైన స్విచ్‌లు లేవని ఆగిపోవద్దు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. పైన చెప్పిన సత్రం నెట్‌వర్క్‌నే అందులో కట్టండి. సిమ్యులేషన్ మోడ్‌లో ఫ్రేమ్ ఒక్కో అడుగూ ఎటు వెళ్తోందో కంటికి కనిపిస్తుంది. ‘షో మ్యాక్ అడ్రస్-టేబుల్’ కమాండ్‌తో ముందు ఖాళీ టేబుల్ చూడండి. పింగ్ చేశాక మళ్లీ చూడండి. తర్వాత రెండు వీలాన్లు చేసి, వాటి మధ్య పింగ్ ఎందుకు ఆగిందో స్నేహితుడికి వివరించండి. మీ సొంత కంప్యూటర్లో ‘ఏఆర్‌పీ -ఏ’ కమాండ్ ఇస్తే ఇంట్లో వైఫై రౌటర్ మ్యాక్ కూడా కనిపిస్తుంది.

సీసీఎన్‌ఏ పరీక్షలో ఈ అంశాలు ఉండే నెట్‌వర్క్ యాక్సెస్ విభాగానికి 20 శాతం వెయిటేజీ ఉంది. గేట్ కంప్యూటర్ సైన్స్ సిలబస్‌లోనూ ఈథర్నెట్ బ్రిడ్జింగ్ ఉంది. అంటే ఒకే సాధన రెండు దారులకూ పనికొస్తుంది. డిగ్రీ, డిప్లొమా, బీటెక్.. ఏది చదివినా డెస్క్‌టాప్ సపోర్ట్, ఫీల్డ్ ఇంజినీర్, నెట్‌వర్క్ మానిటరింగ్ లాంటి తొలి ఉద్యోగాల్లో రోజూ చేతిలో ఉండేది స్విచ్చే. ఆసుపత్రి, బ్యాంకు, గుడి, కాలేజీ.. ఎక్కడ నెట్‌వర్క్ ఆగినా ముందు అడగాల్సినవి రెండే: ఈ ఫ్రేమ్ పంపింది ఎవరు? చేరాల్సింది ఎవరికి? ఈ వారం ప్యాకెట్ ట్రేసర్‌లో మొదటి నెట్‌వర్క్ కట్టి, ఆ రెండు ప్రశ్నలతోనే సాధన మొదలుపెట్టండి.