ముందు శ్లాబు, తర్వాత ఏసీ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలు తట్టుకోలేక అప్పో సప్పో చేసి ఒకటిన్నర టన్ను ఏసీ కొని, పై అంతస్తు పడకగదిలో పెట్టించుకుంటారు. రాత్రి పదవుతున్నా గది చల్లబడదు. మిషన్ మంచిది కాదని ఒకరంటారు, గ్యాస్ తగ్గిందని ఇంకొకరంటారు. చాలా ఇళ్లలో అసలు లోపం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి నెత్తిమీది శ్లాబు, రెండోది ఏసీని బిగించిన తీరు.

ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. గదిలోని వేడిని పట్టి బయట వదిలేస్తుంది. ఈ పనంతా రాగి గొట్టాల్లో తిరిగే రిఫ్రిజరెంటుది. దాన్నే మనం గ్యాస్ అంటాం. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 52 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. లోపలి యూనిట్‌లో పీడనాన్ని తగినంత పెంచి ఉంచుతారు కాబట్టి అక్కడ 10 డిగ్రీల అటూ ఇటూగా మరిగి ఆవిరవుతుంది. అందుకు కావలసిన వేడిని గది గాలి నుంచే లాక్కుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ గట్టిగా నొక్కితే బయటి గాలికన్నా వేడెక్కుతుంది. బయటి యూనిట్‌లో ఆ వేడిని వదిలి తిరిగి ద్రవమవుతుంది.

ఎంత వేడిని మోయగలదో చెప్పే కొలత టన్ను. 907 కిలోల మంచును 24 గంటల్లో కరిగించగల వేడి ఒక టన్ను, అంటే 3.5 కిలోవాట్లు. ఒకటిన్నర టన్ను ఏసీ 5.2 కిలోవాట్ల వేడిని తోడగలదు. గదిలోకి చొరబడే వేడి దీనికన్నా తక్కువైతేనే గది చల్లబడుతుంది.

నెత్తిమీద ఎంత వేడి?

పది అడుగుల వెడల్పు, పదమూడు అడుగుల పొడవు ఉన్న గది తీసుకుందాం. పైన అయిదంగుళాల కాంక్రీటు శ్లాబు. మే నెల మధ్యాహ్నం డాబా పైముఖం 60 డిగ్రీలకు చేరిందనీ, లోపల 25 డిగ్రీలు కావాలనీ అనుకుందాం. ఆ తేడా నిలకడగా ఉంటే శ్లాబు ఒక్కదాని గుండానే సుమారు 1,700 వాట్ల వేడి గదిలోకి దిగుతుంది. మనం కొన్న ఏసీలో దాదాపు అర టన్ను దీనికే పోయిందన్నమాట. పైగా కాంక్రీటు పగలు తాగిన వేడిని వెంటనే వదలదు. గంటల తరబడి దాచుకుని, పొద్దు వాలాక కిందికి దించుతుంది. రాత్రి ఎనిమిదింటికి నిచ్చెన వేసుకుని సీలింగుకు అరచేయి ఆనించి చూడండి. ఏసీ తిరుగుతున్న గదిలోనూ చేతికి వెచ్చగా తగులుతుంది.

ఉష్ణాన్ని ఆపడంలో కాంక్రీటుకూ థర్మకోల్‌కూ ఉన్న తేడా నమ్మలేనంత. రెండంగుళాల థర్మకోల్ పలక ఆపినంత వేడిని ఆపాలంటే రెండు మీటర్లకు పైగా మందమున్న కాంక్రీటు కావాలి. అలాంటి పలకలనే గట్టి రకంలో ఎంచుకుని డాబాపై వాటర్‌ప్రూఫింగ్ మీద పరిచి, పైన సిమెంటు వేసి టైల్స్ అతికిస్తే 1,700 వాట్లు 250 దగ్గరికి పడిపోతాయి. శ్లాబు కింద ఫాల్స్ సీలింగ్ చేయించి లోపల గ్లాస్‌వూల్ పరచినా మేలే. కానీ పైన వేసిందే మెరుగు, ఎందుకంటే అప్పుడు శ్లాబే వేడెక్కదు.

అంత ఖర్చు పెట్టలేనివారికి తెల్ల కూల్‌రూఫ్ పెయింట్ ఉంది. మంచి తెల్లపూత పడిన ఎండలో 80 శాతం దాకా తిప్పి పంపేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని తెచ్చింది ఇందుకే. దుమ్ము పడితే పూత పనితనం తగ్గుతుంది కాబట్టి ఏటా వేసవికి ముందు డాబా కడుక్కోవాలి.

పడమటి కిటికీ రెండో శత్రువు. అద్దం దాటి ఎండ లోపలికి వచ్చాక తెర వేసినా, ఆ తెర వేడెక్కి గదినే వేడెక్కిస్తుంది. వెదురు తడకైనా, సన్‌షేడ్ అయినా కిటికీకి బయట ఉండాలి.

తలుపు కింద సందులనూ తేలిగ్గా తీసుకోకూడదు. మచిలీపట్నం, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఆ సందుల్లోంచి వచ్చేది వేడి గాలి మాత్రమే కాదు, తేమ కూడా. గాలిలోని ఆవిరిని ఒక లీటరు నీరుగా మార్చడానికి సుమారు 2,450 కిలోజూళ్ల వేడిని ఏసీ తీసేయాలి. డ్రెయిన్ పైపు కింద పెట్టిన బకెట్ త్వరగా నిండుతోందంటే మిషన్ శక్తిలో పెద్ద వాటా తేమకే ఖర్చవుతోందని గుర్తు. తలుపు అడుగున రబ్బరు పట్టీ బిగించడానికి అయ్యే ఖర్చు తక్కువ.

బిగించే రోజు

ఇల్లు సిద్ధమయ్యాక మెకానిక్ పని మొదలవుతుంది. ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం వాక్యూమ్. కొత్తగా కలిపిన గొట్టాల్లో గాలీ తేమా ఉంటాయి. కొందరు వాల్వు కాస్త తెరిచి, గ్యాస్‌తోనే ఆ గాలిని బయటికి నెట్టేసి పని ముగిస్తారు. దాంతో తేమ పూర్తిగా పోదు. అది కంప్రెసర్ నూనెతో కలిసి ఆమ్లాలకు దారితీస్తుంది. మిగిలిపోయిన గాలి ద్రవంగా మారదు కనుక పీడనం పెరిగి కరెంటు ఎక్కువ కాలుతుంది. బయటికి వదిలిన ఆర్-32 భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకన్నా వందల రెట్లు బలమైనది.

సరైన పద్ధతిలో వాక్యూమ్ పంపు పెట్టి పీడనాన్ని 500 మైక్రాన్లకు దించుతారు. అది వాతావరణ పీడనంలో 1,500వ వంతు. ఆ స్థితిలో నీరు ద్రవంగా నిలవలేదు. ఆవిరై పంపులోంచి బయటికి వచ్చేస్తుంది. ఆ తర్వాత పంపు ఆపి పది నిమిషాలు గేజీని గమనించాలి. అంకె పైకి ఎగబాకుతూనే ఉంటే ఎక్కడో లీకైనా ఉంది, తేమైనా మిగిలింది. నిలకడగా ఉంటేనే గ్యాస్ వదలాలి.

గొట్టాలకు తొడుగు సంగతీ అంతే. చాలా స్ప్లిట్ ఏసీల్లో పీడనం తగ్గించే భాగం బయటి యూనిట్‌లోనే ఉంటుంది. అందువల్ల రెండు గొట్టాలూ చల్లగానే ఉంటాయి. రెండింటికీ విడివిడిగా ఫోమ్ తొడుగు వేయాలి. జాయింట్లను సబ్బునీళ్లతో పరీక్షించాక వాటినీ కప్పాలి. ఎక్కడ రాగి బయటపడి ఉంటే అక్కడ గాలిలోని తేమ నీటిబొట్లుగా పట్టి, గోడలోకి దిగుతుంది, గోడ పెచ్చులూడుతుంది. ఎండ తగిలే చోట టేపు చుట్టకపోతే ఫోమ్ త్వరలోనే పొడిపొడిగా రాలిపోతుంది. డ్రెయిన్ పైపుకు మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు ఉండాలి. బయటి యూనిట్ వదిలిన వేడిగాలి తిరిగి దానికే తగలకూడదు. కాబట్టి ఇరుకు షాఫ్టులో పెట్టించవద్దు. ఏసీకి వేరే లైను, దానికి తగిన ఎంసీబీ, సరైన ఎర్తింగ్ తప్పనిసరి.

మన దేశంలో 2020 నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా తయారవుతున్నాయి. శ్లాబు వేడి తగ్గిన గదిలో ఆ 24 చాలు, చాలామందికి 26 డిగ్రీలతో ఫ్యాన్ వేసుకున్నా హాయిగా నిద్రపడుతుంది. ఒక్కో డిగ్రీ పెంచినప్పుడల్లా దాదాపు ఆరు శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది.

అందుకే, ఈ వేసవికి ఏసీ కొనాలనుకుంటున్నవారు ముందు డాబాకూ కిటికీలకూ తలుపు సందులకూ కొంత ఖర్చు పెట్టండి. ఎన్ని టన్నులు కావాలో ఆ తర్వాత తేల్చుకోండి. బిగించే రోజు దగ్గరుండండి. వాక్యూమ్ పంపు తెచ్చారా అని అడిగి, లేదంటే అది తెచ్చాకే పని మొదలుపెట్టమనండి.