ఒకే బ్రాండ్ షాపులో వేరే కంపెనీ సరుకు అమ్మితే తప్పేంటి?

షాపు బోర్డు మీద ఒక్కటే పేరు. లోపల ఇయర్‌బడ్స్ నుంచి సౌండ్‌బార్ దాకా అన్నిటి మీదా అదే పేరు. ఏసీ చల్లగా, డెమో రూమ్‌లో సోఫా మెత్తగా ఉంటాయి. సేల్స్ కుర్రాడు మర్యాదగా మాట్లాడతాడు. ‘పెట్టెలో ఇచ్చిన కేబుల్ పొట్టిగా ఉంది, గోడకి బిగించిన మా టీవీ దాకా అందదు, పొడుగుది ఉందా?’ అని అడిగేదాకా అంతా బాగానే ఉంటుంది.

‘లేదండీ, వేరే కంపెనీవి మేం పెట్టం. బయట తెచ్చుకోండి.’

నాకు దొరికిన జవాబు ఇదే. వేలు పోసి స్పీకర్ కొనేవాణ్ని వందల్లో వచ్చే వైరు కోసం వీధిలోకి పంపడం ఏం వ్యాపారం? కాస్త గుచ్చి అడిగితే ఆ డీలర్ నిజం చెప్పాడు: ‘అమ్మాలని మాకూ ఉంటుందండీ. అగ్రిమెంట్ ఒప్పుకోదు.’

కంపెనీల వాదన మరీ కొట్టిపారేసేది కాదు. షోరూమ్ డిజైన్, సిబ్బందికి ట్రైనింగ్, డెమో పీసులు... వీటి వెనక కంపెనీ డబ్బూ శ్రమా ఉంటాయి. అలాంటి చోట డీలర్ పక్క కంపెనీ స్పీకర్లు కూడా పెట్టుకుని, మార్జిన్ ఎక్కువొస్తుందని వాటినే అంటగడితే? పెట్టుబడి ఒకరిది, లాభం ఇంకొకరిది అవుతుంది. మన కాంపిటీషన్ చట్టం కూడా ఇలాంటి ఒప్పందాలని గంపగుత్తగా నిషేధించలేదు. వాటివల్ల మార్కెట్లో పోటీ గట్టిగా దెబ్బతింటేనే తప్పు అంటుంది.

అయితే ఈ ‘ఒకే బ్రాండ్’ గీతని కంపెనీలే తమకి కావలసినట్టు చెరిపి గీసుకుంటాయి. డెన్మార్క్‌లోని స్ట్రూయర్‌లో 1925లో పుట్టిన బ్యాంగ్ అండ్ ఓలుఫ్‌సెన్‌నే చూడండి. టీవీ, స్పీకర్లు, రిమోట్, చివరికి స్పీకర్‌కి వెళ్లే వైరు కనెక్షన్ కూడా తన పద్ధతే. ‘పవర్ లింక్’ అని దానికో పేరు. ఒకటి కొంటే మిగతావన్నీ అక్కడే కొనాలి. అంత పట్టింపు ఉన్న కంపెనీ కూడా 2019లో బియోవిజన్ హార్మొనీ తెచ్చినప్పుడు లోపల ఎల్‌జీ ఓఎల్‌ఈడీ తెరే వాడింది. 2022లో వచ్చిన బియోసౌండ్ థియేటర్ అయితే ఏకంగా బయటి కంపెనీల టీవీలకి కలుపుకునేలా తయారుచేసిన సౌండ్‌బార్. అలాంటి సరుకు అమ్మే షాపులో ఆ టీవీ కూడా ఉంటేనే కదా బేరం పూర్తయ్యేది!

యాపిల్‌ది సరిగ్గా తిరగేసిన కథ. వాళ్ల స్టోర్లలో బోస్, సోనోస్, లాజిటెక్ ఆడియో సరుకులు చాలాకాలం అమ్మారు. 2020లో తీసేశారు. అదే ఏడాది హోమ్‌పాడ్ మినీ వచ్చింది, డిసెంబర్లో ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ వచ్చింది. కొడుక్కి పెళ్లి కుదరగానే పై వాటాలో అద్దెకున్నవాళ్లని ఖాళీ చేయించినట్టుంది వ్యవహారం. (అసలు ‘ఒకే బ్రాండ్’ అన్న మాటకే ఇప్పుడు అర్థం పలచబడింది. జేబీఎల్, హర్మన్ కార్డన్, ఏకేజీ మూడూ హర్మన్‌వే. ఆ హర్మన్‌ని శాంసంగ్ 2017లో కొనేసింది. బోస్ కూడా 2024లో మెకింటోష్‌ని కొనుక్కుంది.)

ఈ ఒప్పందాల బరువంతా మోసేది డీలరే. బోస్ 2020 జనవరిలో ఉత్తర అమెరికా, యూరప్, జపాన్, ఆస్ట్రేలియాల్లో ఉన్న తన 119 స్టోర్లూ మూసేస్తున్నట్టు ప్రకటించింది. కారణం, జనం ఆన్‌లైన్లో కొంటున్నారని. మన దేశంలో స్టోర్లని కొనసాగించింది. అవి కంపెనీ సొంత స్టోర్లు. మూసేసినా కంపెనీ బతుకుతుంది. విజయవాడలోనో వరంగల్లోనో అప్పుచేసి ఫ్రాంచైజీ పెట్టుకున్నాయన సంగతేంటి? అద్దె ప్రతి నెలా కట్టాలి. కొత్త మోడల్ మాత్రం కంపెనీ ఇచ్చినప్పుడే వస్తుంది. పైగా మనం ఆయన సోఫాలో కూర్చుని పాట వింటాం, మోడల్ నంబర్ ఫోటో తీసుకుంటాం, దసరా సేల్‌లో ఫోన్లోనే ఆర్డర్ పెట్టేస్తాం. చాలామంది చేస్తున్నదే ఇది.

ఆన్‌లైన్ చేయలేనిది ఆయన చేయగలిగింది ఒక్కటే. ఇంటికొచ్చి, మీ టీవీకీ మీ గోడకీ మీ హాలుకీ సరిపడేలా బిగించి, వినిపించి వెళ్లడం. ఆ పనికి వేరే కంపెనీల టీవీ, కేబుల్, గోడ స్టాండ్, రౌటర్ కావాలి. రికార్డులు వినే సరదా ఉన్నవాళ్లకి టర్న్‌టేబుల్ కావాలి. బ్రాండ్ తయారుచేయనివి అమ్ముకోనివ్వాలన్నది నా వాదన. పోటీ స్పీకర్లని పక్కన పెట్టమని మాత్రం నేను అడగను. వాటికి పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపులున్నాయి. అక్కడా జాగ్రత్త. రెండు స్పీకర్లలో కాస్త ఎక్కువ సౌండ్ పెట్టినదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. సలహా ఇచ్చే కుర్రాడు ఏదో ఒక కంపెనీ నిలబెట్టిన ప్రమోటర్ కావచ్చు.

‘విదేశీ కంపెనీలకి చట్టం అడ్డు కదా’ అని కొందరంటారు. సింగిల్ బ్రాండ్ రిటైల్లో 100 శాతం విదేశీ పెట్టుబడికి 2018 నుంచి ముందస్తు అనుమతి అక్కర్లేదు. కానీ ఒకే బ్రాండ్ అమ్మాలన్న షరతు ఉంది. మల్టీ బ్రాండ్ అయితే 51 శాతమే, అదీ రాష్ట్రం ఒప్పుకుంటేనే. ఈ షరతు ఆ పెట్టుబడితో నడిచే షాపులకే. మన ఊరి ఫ్రాంచైజీ డీలర్ సొంత డబ్బుతో నడుపుతున్నప్పుడు అతన్ని కట్టేసేది అగ్రిమెంటే.

అసలు చిక్కు వారంటీ దగ్గరొస్తుంది. టీవీ పాడైతే కస్టమర్ స్పీకర్ షాపుమీదే అరుస్తాడు. అందుకే టీవీ బిల్లు వేరుగా, స్పీకర్ బిల్లు వేరుగా రాయాలి. ఏ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేయాలో బిల్లు మీదే ఉండాలి. అగ్రిమెంట్‌లో ఈ రెండు లైన్లు చేరిస్తే కంపెనీ పేరుకి మచ్చ రాదు, డీలర్‌కీ అద్దె డబ్బులొస్తాయి.