వేరు బుడిపెలో ఎరువుల కర్మాగారం

విద్యార్థులారా! చేలో వేరుశనగ మొక్కను మెల్లగా పెకలించి, వేళ్ళను నీటిలో కడిగి చూడండి. ఆవగింజల్లాంటి బుడిపెలు కనిపిస్తాయి. ఒక బుడిపెను బ్లేడుతో కోయండి. లోపల ఎర్రగా ఉంటే అది పని చేస్తోందన్నమాట. ఏమిటా పని? గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారంగా మార్చడం!

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే. అయినా పైరు దానిని నేరుగా వాడుకోలేదు. నత్రజని అణువులోని రెండు పరమాణువులు త్రిబంధంతో గట్టిగా పెనవేసుకొని ఉండడమే దీనికి కారణం. 1909లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హేబర్ నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి అమోనియా చేసి చూపాడు. మన యూరియాకు మూలం ఈ పద్ధతే. ఇందులో ఇనుము ఉత్ప్రేరకంగా ఉన్నా, 400 డిగ్రీల సెల్సియస్ వేడి, వాతావరణ పీడనానికి 100 రెట్లకు మించిన పీడనం కావాలి.

మరి మట్టిలో కొలిమి ఎక్కడిది?

బుడిపెలో నివసించే రైజోబియం బాక్టీరియాలో నైట్రోజినేజ్ అనే ఎంజైము ఉంది. ఎంజైము ఒక ప్రోటీను. కాని ఒట్టి ప్రోటీను ఈ పని చేయలేదు. దాని లోపల 7 ఇనుము, 1 మాలిబ్డినం, 9 గంధకం పరమాణువులతో అల్లిన చిన్న గూడు ఉంటుంది. గూటి నడుమ ఉన్నది కార్బన్ పరమాణువని 2011లో తేలింది. ఎంజైముకు ఇలా తోడ్పడే భాగాన్ని సహకారకం అంటారు.

మరో ప్రోటీను ఈ గూటికి ఎలక్ట్రానులను ఒక్కొక్కటిగా అందిస్తుంది. అవి కొన్ని పోగయ్యాక నత్రజని అణువు అక్కడ చిక్కుతుంది. ఎలక్ట్రానులు, హైడ్రోజన్ అయానులు చేరేకొద్దీ త్రిబంధం సడలుతుంది. చివరకు రెండు అమోనియా అణువులు తయారవుతాయి.

ఇది ఉచితంగా జరగదు సుమా! ఒక్క నత్రజని అణువుకు కనీసం 16 ఏ.టి.పి. అణువులు ఖర్చవుతాయి. ఆ శక్తి ఆకులు ఎండలో తయారుచేసిన చక్కెర నుండి వస్తుంది.

ఇంకో చిక్కు: ఆక్సిజన్ తగిలితే నైట్రోజినేజ్ పాడైపోతుంది. బుడిపెలోని ఎర్రని లెగ్‌హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, బాక్టీరియా శ్వాసకు చాలినంతే అందిస్తుంది. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌లో లాగే ఇందులోనూ ఉన్నది ఇనుమే.

ఇంత పనికి కావలసిన మాలిబ్డినం ఎంతో స్వల్పం. కాని ఆ స్వల్పమూ లేకపోతే? దక్షిణ ఆస్ట్రేలియాలో కొన్ని పచ్చికబయళ్ళు పేలవంగా ఉండేవి. కొద్దిపాటి మాలిబ్డినం వేయగానే అవి పుంజుకుంటాయని 1942లో ఆండర్సన్ చూపాడు.

జనుము, జీలుగ, పిల్లిపెసర పూతకు రాగానే రైతులు పొలంలో కలియదున్నడం మీరు చూసే ఉంటారు. బుడిపెలు కూడబెట్టిన నత్రజని అలా తరువాతి పైరుకు చేరుతుంది. యూరియా ఖర్చు కొంత తగ్గుతుంది. మీరు కోసిన బుడిపె లోపల ఎరుపు పోయి ఆకుపచ్చగా మారి ఉంటే, ఆ కర్మాగారం మూతపడిందని గ్రహించండి.