కొప్పు నిలిపే తుంపర

పిల్లలూ! ఇంట్లో పెళ్ళి జరుగుతున్నప్పుడు పెళ్ళికూతురి గదిలోకి ఎప్పుడైనా తొంగి చూశారా? అలంకరణ చేసే ఆమె పెళ్ళికూతురి జుట్టును కుదుళ్ళ దగ్గర పైకెత్తి, దువ్వి, బుట్టలాగా ఎత్తుగా కొప్పు పెడుతుంది. చివరకు ఒక పొడుగాటి డబ్బా తీసి మీట నొక్కుతుంది. "స్స్‌స్..." మని మంచులాంటి తుంపర వచ్చి జుట్టుమీద పడుతుంది. అంతే! అప్పగింతలు అయ్యేదాకా ఆ కొప్పు జారదు, అణగదు.

ఆ డబ్బాలో ఏమున్నది? జిగురా? జిగురే అయితే జుట్టంతా ముద్ద కట్టాలి గదా! మరి అట్లా ఉబ్బుగా ఎట్లా నిలిచింది? ఈ ప్రశ్న మా మనమరాలు నన్ను అడిగింది. దానికి చెప్పిన సంగతులే మీకూ చెబుతాను. ఈ చిన్న డబ్బా కథలో పురుగులున్నాయి, యుద్ధమున్నది, ఆకాశమున్నది. నేను పనిచేసిన బడిలో జరిగిన ఒక ప్రమాదం కూడా ఉన్నది.

ముందు జుట్టు సంగతి చూద్దాం. మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదో వంతుకన్నా సన్నంగా ఉంటుంది. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. మన గోళ్ళూ, ఆవు కొమ్ముల పైతొడుగూ అటువంటి పదార్థమే. కెరటిన్ అణువులు పొడుగాటి దారాలవంటివి. ఆ దారాలను ఒకదానితో ఒకటి కలిపి ఉంచే బంధాలలో ముఖ్యమైనవి రెండు రకాలు. మొదటివి గంధకపు బంధాలు. ఇవి గట్టివి, నీళ్ళు తగిలినా తెగవు. రెండోవి హైడ్రోజన్ బంధాలు. ఇవి తడి తగలగానే తెగిపోతాయి, ఆరగానే మళ్ళీ కలుసుకుంటాయి. ఆరేటప్పుడు వెంట్రుక ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే కలుసుకుంటాయి.

మీ అక్కయ్య తడి జుట్టును బిగించి జడ అల్లుకుని పడుకుంటే, తెల్లవారి విప్పినప్పుడు జుట్టు అలలు అలలుగా ఉండటం చూసే ఉంటారు. కారణం ఇదే. అయితే మధ్యాహ్నానికి ఆ అలలు ఏమవుతాయి? గాలిలోని తేమ వెంట్రుకలలోకి చేరి, ఆ బంధాలను ఒక్కొక్కటిగా విప్పేస్తుంది. అందుచేతనే కాకినాడ, విశాఖపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో కొప్పు త్వరగా జారుతుంది. గాలి పొడిగా ఉండే అనంతపురంలో మరికాసేపు నిలుస్తుంది.

ఇంకొక సంగతి. జుట్టు ఒత్తుగా, ఉబ్బుగా కనిపించిందంటే వెంట్రుకలు పెరిగాయని కాదు. వెంట్రుకల మధ్య గాలి నిలిచిందన్నమాట. నూనె రాస్తే వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుని తలకు అణుగుతాయి. జడ నున్నగా రావటానికి అది మంచిదే. కాని ఉబ్బు కావాలంటే నూనె పోవాలి. మీ అమ్మమ్మ కుంకుడుకాయ రసంతో తలంటి, సాంబ్రాణి పొగ వేసి ఆరబెట్టినప్పుడు జుట్టు ఎంత బొద్దుగా లేచేదో అడిగి చూడండి.

ఆ ఉబ్బును నిలపటమే డబ్బాలోని తుంపర చేసే పని. ఎట్లా నిలుపుతుంది? పెళ్ళిపందిరి వేసేవాడిని చూశారు గదా! అతను వెదుళ్ళకు పొడుగునా తాడు చుట్టడు. రెండు వెదుళ్ళు కలిసిన చోట మాత్రమే కట్టు వేస్తాడు. ఆ కట్లతోనే పందిరంతా నిలుస్తుంది. తుంపర కూడా అంతే. అందులో ఆల్కహాలులో కరిగించిన ఒక రకం జిగురు ఉంటుంది. సన్నని బిందువులు వెంట్రుకలు ఒకదానినొకటి తాకే చోట చేరతాయి. ఆల్కహాలు కొద్ది క్షణాలలోనే ఆవిరైపోతుంది. జిగురు మాత్రం అక్కడ చిన్న ముడిలాగా గట్టిపడుతుంది. అట్లా వేలకొద్దీ ముడులు పడి, వెంట్రుకల మధ్యనున్న గాలి పోకుండా కాపాడతాయి.

ఈ రహస్యం తెలిస్తే డబ్బాను ఎట్లా వాడాలో కూడా తెలుస్తుంది. జుట్టు పూర్తిగా ఆరి ఉండాలి. కొప్పు పెట్టటం ముగిసిన తరవాతనే తుంపర కొట్టాలి. డబ్బాను తలకు జానెడు దూరానికి తగ్గకుండా పట్టుకుని, చేతిని కదుపుతూ పలచగా కొట్టాలి. ఒక పొర ఆరాక, కావలిస్తే ఇంకొక పొర. దగ్గరగా పెట్టి ఒకేచోట గుమ్మరిస్తే ఆ బరువుకే జుట్టు అణిగిపోతుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ నిలుస్తుందనుకోవటం పొరపాటు.

ఇక పురుగుల సంగతి. తొలి రోజులలో ఈ తుంపరలకు లక్కను వాడారు. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలమీద లక్క పురుగులు గుంపులుగా చేరి, తమ చుట్టూ ఒక బంకను స్రవించుకుంటాయి. దాన్ని గీకి, శుభ్రం చేస్తే లక్క వస్తుంది. హైదరాబాదులోని లాడ్ బజారులో మెరిసే గాజులు చేసేది లక్కతోనే. లక్క ఆల్కహాలులో కరుగుతుంది గాని నీళ్ళలో కరగదు. కొప్పు బాగానే నిలిచేది, కాని తల కడుక్కోవటం కష్టమయేది.

వాల్టర్ రెప్పె అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు 1930ల చివర పాలీవినైల్ పైరోలిడోన్ అనే కొత్త పదార్థాన్ని తయారుచేశాడు. అది నీళ్ళలో చక్కగా కరుగుతుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో, రక్తం కోల్పోయిన సైనికులకు ఎక్కించే ద్రవంలో దాన్ని వాడారు. యుద్ధం ముగిశాక అదే పదార్థం కొప్పుల మీదికి వచ్చింది! అయితే అది తేమను పీల్చి బంకబంకగా తయారయేది. అందుచేత దానికి వేరే పదార్థాలను జతచేసి బాగుచేశారు.

డబ్బా కూడా యుద్ధంలో పెరిగినదే. మీట నొక్కితే తుంపర చిమ్మే డబ్బాను నార్వే దేశపు ఇంజనీరు ఎరిక్ రోథైమ్ 1920లలోనే కనిపెట్టాడు. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే లైల్ గుడ్‌హ్యూ, విలియం సలివన్ 1941లో అటువంటి డబ్బాలో దోమల మందు నింపారు. మలేరియా దోమలున్న ప్రాంతాలలో పోరాడే సైనికులకు అది ప్రాణరక్ష అయింది. తరవాత రాబర్ట్ అబ్‌ప్లానాల్ప్ చవకగా తయారుచేయగల మీటను కనిపెట్టి, 1953లో పేటెంటు పొందాడు. ఇక డబ్బాలు ఇంటింటికీ చేరాయి.

డబ్బాలో జిగురుతోపాటు, ఒత్తిడితో ద్రవంగా మారిన వాయువు ఒకటి ఉంటుంది. మీట నొక్కగానే అది జిగురును బయటికి తోస్తుంది. లోపల ఖాళీ పెరిగినకొద్దీ మరికొంత ద్రవం వాయువుగా మారి ఆ చోటు నింపుతుంది. అందుకే తుంపర మొదటినుంచి చివరిదాకా దాదాపు ఒకే జోరుగా వస్తుంది. మీ వంటింటి గ్యాసు సిలిండరు పనిచేసే తీరు కూడా ఇదే.

1960లో షికాగో నగరంలో మార్గరెట్ విన్సీ హెల్ట్ అనే ఆమె తేనెపట్టులాగా ఎత్తుగా ఉండే కొత్త కొప్పును తయారుచేసింది. ఆ ఫాషను దేశదేశాలకు పాకింది. అంత ఎత్తు కొప్పు తుంపర లేనిదే నిలుస్తుందా? డబ్బాల అమ్మకం ఇంకా పెరిగింది.

ఇప్పుడు ఆకాశం కథలోకి వద్దాం. ఆ రోజులలో డబ్బాలో నింపిన వాయువును క్లోరోఫ్లోరోకార్బన్ అంటారు. థామస్ మిడ్జ్‌లీ అనే అమెరికన్, తన సహచరులతో కలిసి 1928లో దీన్ని రెఫ్రిజిరేటర్ల కోసం రూపొందించాడు. దానికి వాసన లేదు, విషం లేదు, అంటుకోదు. 1930లో మిడ్జ్‌లీ నలుగురి ఎదుట ఆ వాయువును పీల్చి, కొవ్వొత్తి మీద ఊది ఆర్పి చూపించాడు. ఇంతకన్నా మంచి వాయువు ఇంకేం కావాలి?

నలభై యేళ్ళకు పైగా ఎవరికీ ఒక ప్రశ్న తట్టలేదు. డబ్బాలోనుంచి వెళ్ళిన ఆ వాయువు చివరకు ఎక్కడికి పోతుంది?

అమెరికాలో షెర్‌వుడ్ రోలాండ్ అనే ఆచార్యుడూ, మెక్సికో నుంచి వచ్చి ఆయన దగ్గర చేరిన మారియో మొలీనా అనే యువకుడూ ఈ ప్రశ్న వేసుకున్నారు. 1974లో వారు ప్రకటించిన సమాధానం విని లోకం ఉలిక్కిపడింది. ఆ వాయువు వానకు కడుక్కుపోదు, దేనితోనూ కలవదు. యాభై నుంచి నూరేళ్ళదాకా గాలిలోనే ఉంటుంది. మెల్లమెల్లగా పైకి పాకి, ఓజోన్ పొరను చేరుతుంది. అక్కడ సూర్యుడి అతినీలలోహిత కిరణాలు సోకి విడిపోయి, క్లోరిన్ పరమాణువులను వదులుతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు వేలకొద్దీ ఓజోన్ అణువులను విరిచేస్తుంది. ఒకదాన్ని విరిచాక తాను మళ్ళీ చెక్కుచెదరకుండా బయటపడి, ఇంకొకదాని మీదికి పోతుంది.

ఓజోన్ మనకు గొడుగువంటిది. భూమికి పదిహేను నుంచి ముప్పై అయిదు కిలోమీటర్ల ఎత్తున ఎక్కువగా పరుచుకుని, కీడుచేసే కిరణాలను ఆపుతుంది. అవి నేలకు చేరితే చర్మానికి పుండ్లవంటి కాన్సరు, కళ్ళకు శుక్లాలు ఎక్కువవుతాయి. ఆకాశంలో ఉన్న ఓజోన్ అంతటినీ కిందికి దించి నేలమీద పరిస్తే ఎంత మందం ఉంటుందో తెలుసా? మూడు మిల్లీమీటర్లు! అంత పలచని గొడుగుకు మనం చిల్లు పెడుతున్నాం. ఆ వాయువు రెఫ్రిజిరేటర్ల నుంచి కూడా వచ్చేది. కాని అప్పట్లో పెద్ద భాగం ఇటువంటి తుంపర డబ్బాలనుంచే వచ్చింది. సాయంత్రందాకా నిలిచే కొప్పుకోసం, నూరేళ్ళు నిలిచే వాయువును ఆకాశంలోకి వదిలాం!

డబ్బాలు చేసేవారిలో చాలామంది ఈ మాట ఒప్పుకోలేదు. కాని ఎందరో గృహిణులు ఆ డబ్బాలు కొనటం మానేశారు. 1978లో అమెరికా, తప్పనిసరి అయిన వాటికి తప్ప, డబ్బాలలో ఆ వాయువును నిషేధించింది. 1985లో జోసెఫ్ ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు అంటార్కిటికా మీద వసంతకాలంలో ఓజోన్ విపరీతంగా తరిగిపోతున్నట్టు చూపారు. ఇక సందేహానికి చోటు లేకపోయింది. 1987 సెప్టెంబరు 16న కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఒడంబడిక కుదిరింది. మన దేశం 1992లో అందులో చేరింది. 2009 నాటికి ప్రపంచ దేశాలన్నీ చేరాయి. 1995లో రోలాండ్‌కూ, మొలీనాకూ, అంతకుముందే ఓజోన్ మీద కృషిచేసిన పాల్ క్రట్‌జెన్‌కూ కలిపి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు. గొడుగు ఇప్పుడు మెల్లగా పూడుకుంటున్నది. అంటార్కిటికా మీద అది 1980 నాటి స్థితికి రావటానికి సుమారు 2066 దాకా పట్టవచ్చునని శాస్త్రజ్ఞుల అంచనా. అప్పటికి మీకు యాభై యేళ్ళ వయస్సు వస్తుంది!

మరి ఇప్పటి డబ్బాలలో ఏమున్నది? ఆ పాత వాయువు లేదు. దాని బదులు చాలావాటిలో బ్యూటేన్, ప్రొపేన్ వంటి వాయువులున్నాయి. వంటింటి సిలిండరులో ఉండేవీ ఇవే. వీటివల్ల ఓజోన్‌కు చిల్లు పడదు. కాని ఇవి భగ్గున మండుతాయి. ఆల్కహాలు కూడా అంతే.

నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు జరిగిన సంగతి ఇక్కడ చెప్పాలి. బడి వార్షికోత్సవం నాడు ఒక తరగతి గదిలో పిల్లలకు వేషాలు వేస్తున్నారు. అదే గదిలో నటరాజు పటం ముందు దీపం వెలుగుతున్నది. ఎనిమిదో తరగతి అమ్మాయికి కొప్పు పెట్టి, ఎవరో డబ్బా మీట నొక్కారు. తుంపర దీపం వైపు పోయింది. కళ్ళు మూసి తెరిచేలోగా మూరెడు మంట లేచింది. అక్కడున్న టీచరమ్మ చటుక్కున మందపాటి దుప్పటి తీసి అమ్మాయి తలకు కప్పింది. దేవుడి దయవల్ల చెవి దగ్గర కాస్త జుట్టు కాలటంతో పోయింది.

తప్పు ఎవరిది? నాదే. ఆ గదిలో దీపం పెట్టమన్నది నేను. డబ్బామీద "నిప్పుకు దూరంగా ఉంచండి" అని రాసి ఉన్నది. దాన్ని నేను చదివాను కూడా. ముప్పై యేళ్ళు సైన్సు పాఠం చెప్పినవాణ్ణి, ఆ వాయువు ఎక్కడికి పోతుందని ఒక్కసారి ఆలోచించలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుచేత పిల్లలూ, తల్లిదండ్రులూ, ఈ నియమాలు గుర్తుంచుకోండి. దీపం, పొయ్యి, అగరువత్తి ఉన్న గదిలో తుంపర కొట్టకూడదు. కిటికీలు తెరవాలి. కళ్ళు మూసుకోవాలి, ఊపిరి బిగబట్టాలి. జుట్టు బాగా ఆరేదాకా హారతి దగ్గరికి పోకూడదు. డబ్బాను ఎండలో పెట్టకూడదు. ఖాళీ అయినా సరే, దానికి చిల్లు పొడవకూడదు, మంటలో వేయకూడదు. పెద్దవాళ్ళు లేకుండా పిల్లలు దాన్ని ముట్టనే కూడదు.

అలంకరించుకోవటం తప్పు కాదు. కాని చేతిలోనుంచి ఏది వదిలినా, అది కంటికి కనబడకుండా పోయినంత మాత్రాన లేకుండా పోదు. "అది ఎక్కడికి పోతుంది?" అని అడగటం అలవాటు చేసుకోండి. రోలాండ్, మొలీనా అడిగిన ప్రశ్న అదే. ఆ రోజు నేను అడగవలసిన ప్రశ్న కూడా అదే.

మీరే చేసి చూడండి: రెండు గుప్పెళ్ళ కొబ్బరి పీచును విడివిడిగా చిక్కు తీసి, రెండు కుప్పలుగా ఉబ్బుగా పెట్టండి. అమ్మనడిగి చల్లారిన పలచని గంజి తీసుకోండి. పాత పళ్ళబ్రష్షును గంజిలో ముంచి, కుంచెను వేలితో మీటుతూ మొదటి కుప్పమీద సన్నగా చిలకరించండి. రెండో కుప్పను గంజిలో ముంచి తీయండి. రెంటినీ ఎండలో ఆరనివ్వండి. ఏది ఉబ్బుగా నిలిచింది? ఏది అట్టకట్టింది? తరవాత మొదటి కుప్పమీద కాసిని నీళ్ళు చల్లి చూడండి. వానలో తడిసిన కొప్పు ఏమవుతుందో మీకే తెలుస్తుంది.